విదేశీ యూనివర్సిటీకి మెయిల్ పెట్టే ముందు బోరులోకి టేపు వదలండి

ఏటా ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే ఫైనలియర్ పిల్లలు ఇద్దరో ముగ్గురో స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడతారు. "మేడమ్, నీళ్ల సబ్జెక్టు మీద విదేశాల్లో ఏదైనా చేయాలని ఉంది, ఎట్లా మొదలుపెట్టాలి?" అని. ఒకరికి మాస్టర్స్ కావాలి. ఒకరికి ఏదో ఒక అంతర్జాతీయ ప్రాజెక్టులో పేరుండాలి. ఇంకొకరికి తమ ఊరి చెరువు బాగుపడాలి, అంతే. నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. మొదటి రోజు ఎవరికీ ఏ వెబ్‌సైటూ చెప్పను. ఒక్కటే అడుగుతాను: "మీ చేన్లో బోరు నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి?"

"మూడొందల ఫీట్లు మేడమ్" అంటారు. అది బోరు వేసిన లోతు. నీళ్లు ఎక్కడున్నాయని అడిగితే తల గోక్కుంటారు. ఇంటికెళ్లి నాయినను అడిగినా అదే జవాబు వస్తుంది, ఎందుకంటే బోరు బండివాడికి డబ్బులు కట్టింది ఆ మూడొందల ఫీట్లకే కదా.

మా నాయినకు మాత్రం తెలిసేది. మాది కల్వకుర్తి వైపు. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో, నెదర్లాండ్స్ డబ్బుతో ఒక ప్రాజెక్టు నడిచింది. రైతులే తమ భూగర్భజలాన్ని కొలుచుకోవాలన్నది దాని ఉద్దేశం. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో నడిచింది, అందులో మన మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. పదిహేను రోజులకోసారి నాయిన బజర్ టేపు భుజాన వేసుకుని బోర్ల వెంట తిరిగేవాడు. టేపు చివరి మొన నీళ్లకు తగలగానే చక్రంలో బీప్ మోగుతుంది. "చెవి పెట్టు బిడ్డా" అనేవాడు. యాసంగి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, ఏ పంటకెన్ని అని గోడ మీద లెక్క రాసేవాళ్లు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు, లెక్క చూసి వరి తగ్గించుకున్నవాళ్లు తగ్గించుకున్నారు.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, నీళ్ల మీద పనిచేసే విదేశీ యూనివర్సిటీల దగ్గర ఉపగ్రహ చిత్రాలున్నాయి, మోడళ్లున్నాయి, డబ్బుంది. వాళ్ల దగ్గర లేనిది ఒక ఊరి బోరు మట్టం వారం వారం తప్పకుండా రాసిన నోటుబుక్కు. కేంద్ర భూగర్భజల బోర్డు ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది. రాష్ట్ర భూగర్భజల శాఖ తన పరిశీలక బోర్లను నెలనెలా చూస్తుంది. మీ ఊళ్లో ఆ బోరు ఉండొచ్చు, పక్క మండలంలోనూ ఉండొచ్చు. మీరు వారానికోసారి, నాలుగు బోర్లు, ఒక ఏడాది కొలిస్తే చాలు, అది ఎవరి దగ్గరా లేని సరుకు.

కొలత ఎట్లా

ముందు బోర్లు ఎంచుకోండి. వాడకంలో లేనిది ఒకటి, వాడుతున్నవి రెండు, పాత వ్యవసాయ బావి ఉంటే అదొకటి. చెరువు కింద ఒకటి, చెరువుకు దూరంగా చెల్కలో ఒకటి ఉండేట్టు చూసుకోండి. బజర్ టేపు దొరికితే మంచిదే. దొరక్కపోతే యాభై మీటర్ల స్టీలు టేపు, ఒక చాక్‌పీసు చాలు. టేపు కొసకు చిన్న బరువు కట్టండి. చివరి మీటరున్నర మేర చాక్‌పీసు బాగా రుద్దండి. బోరులోకి మెల్లగా వదిలి, ఏదైనా పూర్తి అంకె, ఉదాహరణకు 14.00 మీటర్లు, కేసింగు (బోరు పైభాగంలో దింపిన పైపు) పెదవి దగ్గరకు వచ్చినప్పుడు ఆపి పైకి తీయండి. చాక్ తడిసినచోట రంగు ముదురుతుంది. ఆ తడి గీత 0.62 దగ్గర ఉంటే, 14.00 లోంచి 0.62 తీసేయండి. 13.38. కేసింగు నేల మీదికి అరమీటరు లేచి ఉంటే అది కూడా తీసేస్తే 12.88. నేల నుంచి నీళ్లు అంత కింద ఉన్నాయన్నమాట. టేపు తడవకుండా వస్తే ఇంకో మీటరు వదిలి మళ్లీ చూడటమే.

కేసింగు పెదవి మీద ఒకచోట ఎర్ర పెయింటుతో గుర్తు పెట్టండి, ప్రతిసారీ అక్కడి నుంచే కొలవాలి. ఫీట్లు వద్దు, మీటర్లలోనే రాయండి.

పేచీ అంతా మోటారుతో వస్తుంది. నడుస్తున్న బోరులో కొలిస్తే వచ్చేది గుంజుతున్నప్పటి మట్టం, అసలు మట్టం కాదు. ఒకప్పుడు కరెంటు లేని గంటల్లో బోరు తనంతట తానే కోలుకునేది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చాక, ఆటో స్టార్టరు పెట్టిన మోటారు రాత్రింబవళ్లు పోస్తూనే ఉంటుంది. కాబట్టి ముందురోజు సాయంత్రమే రైతుకు ఫోన్ చేసి "పెద్దనాయినా, రేపు పొద్దున ఆరింటిదాకా మోటారు బంద్ పెట్టు" అని చెప్పుకోవాలి. ఆయన మరిచిపోతే ఆ అంకె పక్కన "నడుస్తోంది" అని రాయండి. అంకెను మాత్రం సరిచేయకండి. మా విద్యార్థి ఒకడు మూడు వారాలు ఊరికి పోలేక, మధ్యలో అంకెలు కూడా "అందాజుగా" నింపేశాడు. గ్రాఫు గీస్తే ఆ మూడు చుక్కలు గీత గీసినట్టు తిన్నగా వచ్చాయి. నీళ్లెప్పుడూ అంత తిన్నగా దిగవు. ఖాళీ గడి ఉంటే ఎవరూ తిట్టరు.

సబ్‌మెర్సిబుల్ కేబులుకు టేపు చుట్టుకుందంటే ఆ రోజు పని ఆగినట్టే. మోటారు పైకి తీసిన రోజు ఎప్పుడైనా వస్తే, డెలివరీ పైపు వెంబడి ఒక సన్న పీవీసీ పైపు దింపించుకోండి, టేపు అందులోంచి పోతుంది. తాగునీటి బోరైతే టేపు కొసను బ్లీచింగ్ నీళ్లతో కడగాలి. పాత బావుల దగ్గరకు ఒంటరిగా పోవద్దు, ఒడ్డు రాళ్లు ఊడి ఉంటాయి.

వాన కొలవడం సులువు. పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పున్న డబ్బా, ఒక స్కేలు, ఉదయం ఎనిమిదిన్నర. వాతావరణ శాఖ సమయం అదే. నోటుబుక్కులో ఇంకో గడి ఉంచండి, అందులో ఊరి సంగతులు రాయండి: మత్తడి దుంకిన రోజు, తూము తెరిచిన రోజు, కల్వకుర్తి లిఫ్టు నీళ్లు చెరువులోకి వచ్చిన రోజు, పక్క చేన్లో కొత్త బోరు పడ్డ రోజు. నా అనుభవంలో బయటి పరిశోధకులు అన్నిటికన్నా ముందు చదివేది ఆ గడే.

ఒక చిన్న లెక్క

అంకెలు చేతికొచ్చాక వాటిని మాట్లాడించాలి. మన కింద ఉన్నది గట్టి గ్రానైటు. పైన మొరం, దాని కింద పగుళ్లు, ఆ కింద బండ. నీళ్లు నిలిచే ఖాళీ చాలా తక్కువ, నూటికి ఒకటో రెండో పాళ్లు. పాలమూరులో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన అనుకోండి. అందులో పదో వంతు భూమిలోకి దిగిందనుకుంటే 60 మిల్లీమీటర్లు. ఖాళీ రెండు శాతమే కాబట్టి ఆ కాస్త నీటికే మట్టం 3 మీటర్లు లేస్తుంది. లేచినంత వేగంగానే దిగుతుంది కూడా.

ఇప్పుడు యాసంగి వరి. ఎకరాకు 1,200 మిల్లీమీటర్లు పెడితే దాదాపు 48 లక్షల లీటర్లు. ఎకరం నేలలో వానవల్ల ఇంకేది రెండున్నర లక్షల లీటర్లకు లోపే. అంటే ఒక ఎకరం వరి ఇరవై ఎకరాల ఇంకుడును తాగుతుంది. మడిలోంచి సగం నీళ్లు మళ్లీ కిందికి దిగాయనుకున్నా పది ఎకరాలు. మీ నోటుబుక్కులో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా గీత ఎందుకట్లా జారుతుందో ఈ లెక్కతో చెప్పగలిగితే, ఇంటర్వ్యూలో మీకు సగం టెన్షన్ తగ్గినట్టే.

నల్లగొండ వైపు వాళ్లకు: ఫ్లోరైడ్

మా అత్తగారిది మునుగోడు దగ్గర. అక్కడ మట్టం ఒక్కటే కొలిస్తే సరిపోదు. సీసా పట్టడంలోనే చాలామంది తప్పు చేస్తారు. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌ది తీసుకోండి. పంపు ఐదు పది నిమిషాలు పోయనివ్వండి. అదే నీళ్లతో సీసా మూడుసార్లు కడిగి, నిండా పట్టండి. తేదీ, సమయం, ఫోనులో చూపించే అక్షాంశ రేఖాంశాలు సీసా మీదే రాయండి. మూత మీద రాయకండి, మూతలు మారిపోతాయి. మన ప్రమాణం ప్రకారం లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. రంగు చూసే కిట్లు "ఉంది, చాలా ఉంది" అని చెప్పడానికి పనికొస్తాయి. ఒకటికీ రెండుకీ మధ్య మాత్రం ఇద్దరు మనుషులు ఒకే రంగును రెండు రకాలుగా చదువుతారు. అక్కడ ల్యాబులో అయాన్ మీటరు కావాల్సిందే.

మీ మెయిల్లో వాడుకోదగ్గ సంగతొకటి ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) 1970లలో తయారుచేసింది. దాని పేరు ప్రపంచమంతటా నల్గొండ టెక్నిక్. ఇథియోపియాలో, టాంజానియాలో ఆ పేరుతోనే వాడారు. ఫ్లోరైడ్ మీద పనిచేసే ప్రొఫెసరుకు మీ జిల్లా ఎక్కడుందో వివరించక్కర్లేదు. కెమిస్ట్రీ పిల్లలకు ఒక మాట: ఆ పద్ధతిలో శుద్ధి చేసిన నీళ్లను పరీక్షిస్తే టిసాబ్ అనే బఫరు ద్రావణం తప్పనిసరిగా కలపండి. లేకపోతే పటికలోంచి వచ్చిన అల్యూమినియం పట్టుకున్న ఫ్లోరైడ్ మీటరుకు కనపడదు, నీళ్లు బాగున్నాయని మోసపోతాం.

ఎవరి తలుపు తట్టాలి

మనకు బాగా దగ్గరగా ఉన్న నమూనా ఆస్ట్రేలియా వాళ్లది. వెస్టర్న్ సిడ్నీ యూనివర్సిటీ నాయకత్వంలో మార్వి అనే ప్రాజెక్టు 2012లో మొదలైంది. రాజస్థాన్‌లో ఉదయపూర్ జిల్లాలో, గుజరాత్‌లో మేఘ్‌రజ్ వైపు ఊళ్లలో రైతులకు శిక్షణ ఇచ్చి వాళ్లచేతే బావులు కొలిపించారు. వాళ్లకు భూజల్ జాన్‌కార్ అని పేరు. అక్కడా మనలాగే గట్టి రాయి, అక్కడా చెక్‌డ్యాములు. వాళ్ల పేపర్లు చదివితే మా నాయిన చేసిందే ఇంకో భాషలో రాసినట్టుంటుంది. మీ నోటుబుక్కు ఏ రూపంలో ఉండాలో తెలియాలంటే మొదట వాటిని చదవండి.

ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లది రీచ్ అనే కార్యక్రమం. ఇథియోపియా, కెన్యా, బంగ్లాదేశ్‌లలో పేదల నీటి భద్రత మీద పనిచేసింది. అంతకుముందే వాళ్లు కెన్యాలో చేతిపంపుల పిడిలో చిన్న పరికరం పెట్టి, పిడి ఎన్నిసార్లు ఊగిందో మొబైల్ సిగ్నల్ ద్వారా తెలుసుకున్నారు. పిడి ఊగడం ఆగితే పంపు చెడిందని మెకానిక్కుకు కబురు వెళ్తుంది. బాగుచేయడానికి అంతకుముందు దాదాపు 27 రోజులు పట్టేది, మూడు రోజుల్లోపుకు దిగింది. ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లు ఇది తప్పక చూడాలి. మన ఊళ్లలో చెడిపోయి నిలబడ్డ నీళ్ల ట్యాంకు మోటార్లకు ఈ ఆలోచన పనికిరాదా?

అంత దూరం వద్దనుకుంటే చౌటుప్పల్ ఉంది. అదే, భగీరథ పైలాన్ ఉన్న ఊరు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) అక్కడ గ్రానైటులో నీళ్లు ఎట్లా నడుస్తాయో చూసే పరిశోధనా క్షేత్రం నడుపుతోంది. ఫ్రాన్స్ భూగర్భ పరిశోధన సంస్థ, రెన్ యూనివర్సిటీ అందులో భాగస్వాములు. విజయవాడ హైవే మీద బస్సులో పోతూ వేలమంది దాన్ని దాటుతారు. ముందుగా కాలేజీ లెటర్‌హెడ్ మీద అనుమతి అడగండి, ఊరికే వెళ్లి గేటు దగ్గర నిలబడొద్దు.

మాస్టర్స్ కావాలంటే నెదర్లాండ్స్‌లో ఐహెచ్ఈ డెల్ఫ్ట్ ఉంది. 1957 నుంచి వాళ్ల పనంతా నీళ్లే. వాళ్లు లిస్బన్, డ్రెస్డెన్ యూనివర్సిటీలతో కలిసి భూగర్భజలం, వాతావరణ మార్పుల మీద ఎరాస్మస్ ముండస్ (యూరోపియన్ యూనియన్ స్కాలర్‌షిప్పులిచ్చే ఉమ్మడి మాస్టర్స్) కోర్సు పెట్టారు. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. ఎరాస్మస్ కోర్సులకు అప్లికేషన్లు మామూలుగా అక్టోబరు నుంచి జనవరి మధ్య తీసుకుంటారు. అంటే మార్చిలో నా గుమ్మంలో నిలబడ్డవాళ్లు ఆ ఏటికి ఆలస్యమైనట్టే, పై ఏటికి మాత్రం సరిగ్గా సమయానికి వచ్చినట్టు. మన రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యానిధి పథకాలు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు 20 లక్షల దాకా ఇస్తాయి. కానీ వాటికి దేశాల జాబితా ఉంటుంది. మీరు వెళ్లే దేశం అందులో ఉందో లేదో చూసుకున్నాకే మిగతా కాగితాల వెంట పడండి.

ఇంట్లో కూర్చుని మొదలుపెట్టేవాళ్లకు కోర్సెరా అనే ఆన్‌లైన్ పాఠాల సైటులో జెనీవా యూనివర్సిటీ నీటి వనరుల కోర్సు, స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ యూనివర్సిటీ వాళ్ల ఇంటి స్థాయి నీటి శుద్ధి కోర్సు పనికొస్తాయి. సర్టిఫికెట్టుకు డబ్బు కట్టే ముందు ఒక వారం పాఠాలు చూడండి. నిజం చెప్పాలంటే, సర్టిఫికెట్టు చూసి ఎవరూ మెయిలుకు జవాబివ్వరు.

మెయిల్

నేను చూసిన మెయిళ్లలో ఎక్కువ భాగం "గౌరవనీయులైన సార్, నాకు మీ పరిశోధన అంటే అమితమైన ఆసక్తి" అని మొదలవుతాయి. అవి తెరిచినంత వేగంగానే మూసుకుపోతాయి. ప్రొఫెసరుకు కాకుండా, పేపర్లో మొదటి పేరున్న వ్యక్తికి రాయండి. ఎక్కువసార్లు అది పీహెచ్‌డీ విద్యార్థి, డేటా విలువ వాళ్లకే బాగా తెలుసు. ఇంగ్లిషులో రాస్తారు కానీ విషయం ఇట్లా ఉండాలి: "మాది దక్షిణ తెలంగాణలో గ్రానైటు నేల మీది ఊరు. పోయిన జూన్ నుంచి నాలుగు బోర్లలో వారానికోసారి మట్టం కొలుస్తున్నాను. 52 వారాల్లో ఐదు ఖాళీలున్నాయి. మీ పేపర్లో వాన తర్వాత మట్టం లేవడానికి పట్టిన సమయం కన్నా మా చెల్క బోరులో ఎక్కువ పట్టింది, ఎందుకో తెలియలేదు. గ్రాఫు జత చేశాను." అంతే. ఐదు వాక్యాలు, ఒక గ్రాఫు. రెండు వారాలు ఆగి ఒకే ఒక్కసారి గుర్తుచేయండి.

వాళ్లు మన ఊరికొస్తే

కొన్నేళ్ల క్రితం మా అత్తగారి ఊరికి ఒక విదేశీ బృందం రెండు బండ్లలో వచ్చింది. ఒక్క రోజులో నలభై సీసాల నీళ్లు పట్టుకున్నారు. మా అత్తమ్మ అందరికీ చాయ్ పెట్టింది, బోరు దగ్గర వాళ్లతో ఫొటో కూడా దిగింది. "రిజల్టు పంపిస్తాం" అన్నారు. ఎవరికి పంపుతారని అడగాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. మూడేళ్లకు నేను వేరే పని మీద ఒక పేపరు వెతుకుతుంటే అందులో మా ఊరి మ్యాపు కనిపించింది. మా అత్తమ్మ ఫొటో దిగిన బోరు పేరు పి-17. ఎదురుగా ఫ్లోరైడ్ అంకె 3.8. ఆ మూడేళ్లూ వీధిలో సగం ఇళ్లు ఆ నీళ్లే తాగాయి.

అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా, ఎంత పెద్ద పేరున్నా, సీసా నింపకముందే కాగితం మీద రాయించుకుంటాను. ఫలితం ఏ తేదీలోపు, ఎవరి ఫోనుకు, తెలుగులో ఇస్తారా? హద్దు దాటిన బోరుంటే పేపరు అచ్చయ్యేదాకా ఆగకుండా వెంటనే చెప్తారా? మా నోటుబుక్కు అసలు ప్రతి మా దగ్గరే ఉంటుందా? కొలిచిన పిల్లల పేర్లు పేపర్లో ఎక్కడ వేస్తారు? రోజుకు రెండు గంటలు బోర్ల వెంట తిరిగే మనిషికి కూలి ఎవరిస్తారు? ప్రాజెక్టు అయిపోయాక పరికరం ఊళ్లో ఉంటుందా, బ్యాటరీ ఎవరు కొంటారు? కూలి సంగతి అడిగితే కొందరు ముఖం చిట్లిస్తారు. మంచి బృందాలకు ఈ ప్రశ్నలు కొత్త కాదు, వాళ్ల దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. నసిగే వాళ్లకు చాయ్ ఇచ్చి పంపించేయండి, సీసాలు మాత్రం ఖాళీగానే పోవాలి.

మొదలుపెట్టడానికి మంచి సమయం మే చివరి వారం. మట్టం అన్నిటికన్నా కింద ఉన్నప్పుడు మొదటి అంకె రాస్తే, తొలకరి తర్వాత గీత ఎప్పుడు మలుపు తిరిగిందో మీ చేతిలో ఉంటుంది. మా నాయిన బజర్ టేపు ఇప్పటికీ మా ఇంటి అటక మీదే ఉంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ మార్చి చూశాను, మోగుతోంది. ఈ మేలో ఎవరికైనా కావాలంటే అడిగి తీసుకుపోవచ్చు, వాడాక తుడిచి, వైరు మెలికలు పడకుండా చుట్టి తెచ్చివ్వాలి.